ఎర్ర బీరువా, ఎర్ర దీపం: 45 రోజుల పని డైరీ

1వ రోజు

మా హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 11. తెల్ల గోడలు, బూడిదరంగు సోఫా, లేత గోధుమరంగు కర్టెన్లు. ఏదీ బాగాలేదని అనలేను. కానీ లోపలికి రాగానే చూపు ఎక్కడా ఆగదు. నేరుగా అవతలి గోడ దాకా పోయి, పక్కనున్న కిటికీలోంచి బయటికి వెళ్లిపోతుంది. ఆ చూపును పట్టి ఆపే వస్తువు ఒకటి గదిలో కావాలి. అది ఎర్రగా ఉండాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక.

రెండు ఎర్ర కుషన్లు వేస్తే సరిపోదా అని చెల్లి అడిగింది. సరిపోదు. చిన్న చిన్న ఎరుపులు గదంతా చల్లితే కన్ను ఒక దాని మీదినుంచి ఇంకో దాని మీదికి గెంతుతూనే ఉంటుంది. ఒక పెద్ద ఎరుపు, దానికి తోడుగా ఒక చిన్నది, రెండింటి మీదా సరైన వెలుగు. నా లెక్క ఇది. కాబట్టి పనులు మూడు: పుస్తకాల బీరువాకు ఎర్ర పెయింటు, చేతుల కుర్చీకి ఎర్ర బట్ట, హాలుకు కొత్త దీపాలు.

"అక్కా, మరీ ముదురు ఎరుపైతే కళ్లకు కొడుతుందేమో," అంది చెల్లి. ఆ భయం నాకూ ఉంది. అందుకే కొలిచాను. బీరువా ఎత్తు 6 అడుగులు, వెడల్పు 3, అంటే ముందు భాగం 18 చదరపు అడుగులు. అది నిలబడే గోడ 110 చదరపు అడుగులు. గోడలో ఆరో వంతు. ఇది గదిని మింగేసేంత కాదు, తప్పిపోయేంత చిన్నదీ కాదు. పైగా ఎరుపు ఉన్న చోటుకంటే కాస్త ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. సొరంగంలా పొడవుగా ఉన్న మా హాలులో చివరి గోడకు అదే కావాలి.

2వ రోజు

ఎరుపు అని ఒక్క మాటలో అనేస్తాం కానీ షేడ్ కార్డు తెరిస్తే సిందూరంలా నారింజ వైపు వాలేది ఒకటి, దానిమ్మ గింజలా నీలం వైపు వాలేది ఒకటి, ఇటుక రంగు ఇంకొకటి. కార్డు మీది చిన్న గడిని నమ్మలేదు. మూడు శాంపిల్ డబ్బాలు తెచ్చి, మూడు అట్టముక్కల మీద పూసి, బీరువా ఉండబోయే చోట నిలబెట్టాను. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం చూశాను. సిందూరం ఎండలో బాగుంది కానీ గోడ తెలుపు పక్కన మరీ అరుస్తున్నట్టు అనిపించింది. దానిమ్మ సాయంత్రానికి మెరూన్ అయిపోయింది. మధ్యలో ఉన్న మందారపు ఎరుపు ఖాయం చేశాను.

రాత్రి ట్యూబ్‌లైట్ వేశాక చూడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

4వ రోజు

హ్యాండిళ్లు, కీళ్లు విప్పి, ఏ తలుపు స్క్రూలు ఆ తలుపు కవరులో వేసి పేరు రాశాను. పాత పాలిష్ కింద ఎక్కడో పాత పెయింటు పొర కూడా ఉంది. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. వెనకటి ఎరుపు, పసుపు రంగుల్లో అయితే సీసం సమ్మేళనాలనే రంగుగా వాడేవారు. టెస్ట్ కిట్‌తో చూశాను, రాలేదు. అయినా పొడిగా రుద్దలేదు. మాస్కు కట్టుకుని, చెక్కను లైట్‌గా తడుపుతూ 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించాను. చెక్కను పూర్తిగా బయటపెట్టక్కర్లేదు, మెరుపు పోయి చేతికి గరుకు తగిలితే చాలు. గుంటలకు వుడ్ పుట్టీ పెట్టాను.

5వ రోజు

ఈ రోజు బాధేసింది. తెల్ల ప్రైమర్ (పెయింటుకు ముందు వేసే అడుగు పూత) నిన్న సాయంత్రమే వేసి ఆరబెట్టాను. పొద్దున మొదటి ఎర్ర కోటు వేస్తే గులాబీ రంగు వచ్చింది, అది కూడా చారలు చారలుగా. రెండో కోటు తర్వాత కూడా బ్రష్ తిరిగిన ప్రతి చోటూ కనిపిస్తోంది. డబ్బాలో అంత చిక్కగా ఉన్న రంగు చెక్క మీద ఎందుకు పలచబడిందో అర్థం కాలేదు. రెండు తలుపులు పూశాక పని ఆపేశాను.

6వ రోజు

కారణం తెలిసింది. లేత రంగు పెయింట్లన్నిటిలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి దండిగా ఉంటుంది. కింద ఉన్నదాన్ని కప్పేసే బలం దానిదే. నిండైన ఎరుపులో దాన్ని వేస్తే రంగు గులాబీ అయిపోతుంది కాబట్టి వెయ్యలేరు. నిండు ఎరుపునిచ్చే ఆర్గానిక్ పిగ్మెంట్లు చాలావరకు పారదర్శకంగా ఉంటాయి. వెలుగు ఆ పొరను దాటి వెళ్లి, కింద ఉన్న తెలుపుకు తగిలి తిరిగొస్తుంది. నేను చూసిన గులాబీ అదే.

దీనికి మందు, బూడిదరంగు ప్రైమర్ అన్నారు. చెబితే నమ్మడం వేరు, చూడడం వేరు. ఒక తలుపు లోపలివైపు సగం తెల్ల ప్రైమర్, సగం మధ్యస్థ బూడిదరంగు ప్రైమర్ వేసి, రెండింటి మీదా ఒకేసారి ఎరుపు పూశాను. బూడిదరంగు సగం రెండు కోట్లకే నిండిపోయింది. తెల్ల సగం నాలుగో కోటుకు కూడా దాన్ని అందుకోలేదు. ఎరుపు అసలే వెలుగును తక్కువగా తిప్పికొట్టే రంగు. కింద కూడా దాదాపు అంతే ముదురున్న బూడిద ఉంటే చారలకు తేడా తెలిసే అవకాశం ఉండదు. ఆ తలుపు లోపలి భాగాన్ని మార్చకుండా అలాగే ఉంచేస్తున్నాను. రేపు ఎవరైనా ఎర్ర పెయింటు వేస్తామని వస్తే తలుపు తీసి చూపిస్తాను.

8 నుంచి 10వ రోజు వరకు

పూసిన తలుపులు మళ్లీ రుద్ది, అంతటా బూడిదరంగు ప్రైమర్, దాని మీద ఎరుపు రెండు కోట్లు. 4 అంగుళాల ఫోమ్ రోలర్‌తో వేశాను, మూలలకు మాత్రమే బ్రష్. కోటుకీ కోటుకీ మధ్య 320తో పైపైన ఒక్క చెయ్యి. పూర్తిగా మెరిసే గ్లాసీ ఫినిష్ వద్దనుకున్నాను. మెరిసే ఎరుపులో ప్రతి బల్బూ ఒక తెల్ల చుక్కలా కనిపించి రంగును విరగ్గొడుతుంది. కొద్దిపాటి మెరుపే ఉండే శాటిన్‌లో ఎరుపు ఎరుపులాగే ఉంటుంది.

హ్యాండిళ్లు నల్లవి బిగించాను. గురివింద గింజకు ఆ నల్లమచ్చ లేకపోతే అంత ఎర్రగా అనిపించదు.

11వ రోజు

బీరువాను చివరి గోడకు ఆనించాం. చెల్లి ఒక పక్క, నేను ఒక పక్క. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీ వెలుగు ఏటవాలుగా పడుతోంది. గది మారిపోయింది. గుమ్మంలో నిలబడితే చూపు నేరుగా వెళ్లి అక్కడ ఆగుతోంది. నేను కోరుకున్నది అచ్చంగా ఇదే.

"ఇంత బాగుంటుందని అనుకోలేదక్కా," అంది చెల్లి.

రాత్రి ఏడున్నరకు ట్యూబ్‌లైట్ వేశాం. మధ్యాహ్నం చూసిన మందారం లేదు. ఎండిన ఇటుక లాంటి, జీవం లేని ముదురు రంగు. డబ్బా మార్చి ఇచ్చారా అని అనుమానం కూడా వచ్చింది. నిద్రపోయే ముందు చిన్న లైటు ఒక్కటే ఉంచి చూస్తే బీరువా నల్లగా ఉంది. పక్కనున్న కుండీలో ఆకులు మాత్రం దానికంటే వెలుగ్గా కనిపిస్తున్నాయి. పగలు ఎవరూ చూడని ఆ మొక్క రాత్రి గదిని ఏలుతోంది, నా బీరువా చీకట్లో కలిసిపోయింది.

13వ రోజు

రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

మొదటిది బల్బుది, అంటే మా ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్‌ది. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీల్లో ఎక్కువ భాగం లోపల నీలం వెలుగిచ్చే చిప్పు, దాని మీద ఆ నీలంలో కొంత పసుపుగా మార్చే ఫాస్ఫర్ పూత. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా అనిపిస్తాయి కానీ ఆ తెలుపులో ముదురు ఎరుపు చాలా తక్కువ. మీద పడే వెలుగులోనే ఎరుపు లేకపోతే ఎర్ర వస్తువు దేన్ని తిప్పి పంపుతుంది? ఎల్‌ఈడీల చరిత్రలో కంటికి కనిపించిన మొదటి వెలుగు ఎరుపే. 1962లో నిక్ హోలోన్యాక్ చూపించినది ఎర్ర ఎల్‌ఈడీ. ఇన్నేళ్ల తర్వాత మన గదుల్లోని తెల్ల ఎల్‌ఈడీలకు కొరవడింది కూడా ఎరుపే.

దాని డబ్బా మీద సీఆర్‌ఐ 80 అని ఉంది. ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది, 100 గరిష్ఠం. బాగానే ఉందిగా అనుకున్నాను. కానీ ఆ అంకె 8 రకాల లేత రంగుల సగటు. నిండు ఎరుపుకు విడిగా ఆర్9 అని ఒక కొలత ఉంది, అది ఆ సగటులో కలవదు. అందువల్ల సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుకు ఆర్9 సున్నాకు దగ్గరగా ఉన్నా డబ్బా మీద ఏమీ తెలియదు. ముదురు ఎరుపు కంటికి తక్కువ వెలుగుగా అనిపిస్తుంది. కన్ను ఎక్కువగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చను. కాబట్టి ఎరుపు కలిపితే వాటుకు వచ్చే ల్యూమెన్లు, అంటే కంటికి తెలిసే వెలుగు, తగ్గుతాయి. చవక బల్బుల్లో ముందుగా ఎగిరిపోయేది అందుకే ఎరుపు.

పరీక్షకు స్టోర్ గదిలోంచి పాత ఫిలమెంట్ బల్బు ఒకటి తెచ్చి హోల్డర్‌కు పెట్టాను. మందారం తిరిగి వచ్చేసింది. పెయింటుది తప్పేమీ లేదు. ఆ బల్బును జాగ్రత్తగా దాచాను. బట్ట కొన్నా, రంగు కొన్నా ఇక దాని కింద పెట్టి చూస్తాను.

రెండో సమస్య కంటిది. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే రాడ్ కణాలకు ఎరుపు దాదాపు అందదు. అందుకే వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు నల్లబడుతుంది, ఆకుపచ్చ, నీలం నిలుస్తాయి. దీన్ని 1819లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గమనించాడు. దీన్ని ఏ బల్బూ మార్చలేదు. చేయగలిగింది ఒక్కటే, రాత్రి గదంతా మసకగా ఉంచినా బీరువా మీద మాత్రం విడిగా ఒక దీపం పడాలి.

16వ రోజు

ట్యూబ్‌లైట్ స్థానంలో 3000 కెల్విన్ (కాస్త పసుపు వైపు వాలే వెచ్చని తెలుపు), సీఆర్‌ఐ 95, ఆర్9 50కి పైగా ఉన్న బల్బులు పెట్టాం. ఆర్9 అంకె చాలావరకు డబ్బా మీద ఉండదు, కంపెనీ డేటాషీట్‌లో వెతకాలి. అది ఇవ్వని బల్బు కొనలేదు. బీరువాకు మూడడుగుల ముందు సీలింగ్‌లో ఒక స్పాట్ లైట్, వెలుగు విచ్చుకునే కోణం 36 డిగ్రీలు. ఎలక్ట్రీషియన్ ముందు బీరువాకు మరీ దగ్గరగా గుర్తు పెట్టాడు. "బాబూ, కాస్త వెనక్కి జరుపు. మరీ దగ్గరైతే పై అర మీదే వెలుగంతా పడి కింద చీకటవుతుంది," అన్నాను. "నిజమే మేడమ్," అని నిచ్చెన జరిపాడు.

స్విచ్ వేశాక కాసేపు సోఫాలో ఊరికే కూర్చుండిపోయాను. తలుపుల అంచుల్లో చిన్న నీడలు, మధ్యలో నిండు ఎరుపు.

19వ రోజు

ఎర్ర వెలుగు మీద కూడా నాకు ఆశ ఉంది. బీరువా మీద, అరల లోపల ఎర్ర ఎల్‌ఈడీ స్ట్రిప్ వేయాలనుకున్నాను. 12 వోల్టులది, మీటరుకు 14.4 వాట్లు. నాకు కావలసింది 3 మీటర్లు, అంటే 43 వాట్లు, 3.6 ఆంపియర్లు. అడాప్టర్‌ను అంచుల దాకా లాగకూడదు, కనీసం ఐదో వంతు అదనంగా ఉండాలి కాబట్టి 60 వాట్లది తీసుకున్నాం. స్ట్రిప్‌ను కత్తెర గుర్తు ఉన్న చోటే కోశాం. నేరుగా చెక్కకు అంటించకుండా అల్యూమినియం చానెల్‌లో పెట్టాం. వేడి లాగుతుంది, పైన పాలరంగు మూత ఉంటుంది కాబట్టి చుక్కలు చుక్కలుగా కనిపించదు.

మిగతా లైట్లన్నీ ఆర్పి దాన్ని వెలిగిస్తే బీరువా మాయమైపోయింది.

నిజంగానే. ఎర్ర వెలుగులో తెల్ల గోడ ఎర్రగా కనిపిస్తోంది, ఎర్ర బీరువా కూడా అంతే ఎర్రగా కనిపిస్తోంది. రెండూ వెలుగును ఒకేలా తిప్పికొడుతుంటే కంటికి తేడా ఏముంటుంది? తలుపుల గీతలు, నల్ల హ్యాండిళ్లు మాత్రం గాలిలో తేలుతున్నట్టున్నాయి. కుండీలో ఆకులు నల్లబొగ్గు. ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్ 1911లో వేసిన 'రెడ్ స్టూడియో' అనే చిత్రం గుర్తొచ్చింది. అది ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. గోడలు, నేల, సామాను అన్నిటినీ ఒకే ఎరుపుతో కప్పేశాడు. అందులో బల్లలు, కుర్చీలు సన్నటి గీతలుగానే మిగులుతాయి. ఆ గీతలు కూడా పైన గీసినవి కావు, ఎరుపు పూయకుండా వదిలిన సందుల్లోంచి కింది రంగు కనిపించడమే. కాన్వాస్ మీద అది అద్భుతం. మా హాలులో మాత్రం నాకు గీత కాదు, వస్తువు కావాలి.

ఎర్ర వస్తువుకు తెల్ల వెలుగు, ఎర్ర వెలుగుకు తెల్ల వస్తువు. ఈ వాక్యం గోడ మీద రాసుకోవాలనిపించింది.

21వ రోజు

స్ట్రిప్‌ను అక్కడి నుంచి తీసేశాం. బీరువా అరల్లోకి 2700 కెల్విన్ తెల్ల స్ట్రిప్ వచ్చింది. ఎర్రది పడకగదికి వెళ్లే నడవాలో, నేలకు జానెడు ఎత్తులో, తెల్ల గోడ వెంట వేశాం. అక్కడ అంతా తెలుపే కాబట్టి గోడ మీద ఆ ఎరుపు మెత్తగా పరుచుకుంది. రాత్రి లేచినప్పుడు దారి కనిపిస్తుంది, నిద్ర చెదరదు. శరీర గడియారానికి పగలు అని కబురు పంపే కంటి కణాలు ముఖ్యంగా 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి స్పందిస్తాయి, ఎరుపును పెద్దగా పట్టించుకోవు. ఈ స్ట్రిప్‌కు ఇంతకంటే మంచి చోటు లేదు.

24వ రోజు

నా తొందర వల్ల నష్టం జరిగింది. బీరువాలో పుస్తకాలు 14వ రోజునే సర్దేశాను. ఈ రోజు ఒకటి తీస్తే అట్టతో పాటు పెయింటు పొర కూడా లేచి వచ్చింది. నీళ్లతో కలిపే ఎనామిల్ చేతికి గంటలోపే ఆరినట్టు అనిపిస్తుంది. అది పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా బరువు పెడితే అంటుకుపోతుంది. పుస్తకాలన్నీ దించాను. లేచిన చోట్ల రుద్ది, టచప్ చేసి, అరల మీద రెండు కోట్లు క్లియర్ పీయూ (పాలీయురెథేన్ అనే రంగులేని గట్టి పూత) వేశాను. ముదురు ఎరుపును తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు రంగు దిగుతుంది. దానికీ ఈ క్లియర్ కోటు కాపలా. పుస్తకాలు మళ్లీ 40వ రోజు తర్వాతే.

27వ రోజు

ఇక కుర్చీ. మొత్తం ఎర్ర బట్ట కప్పాలన్నది మొదటి ఆలోచన. ఇప్పుడు వద్దనిపిస్తోంది. గెరిట్ రీట్‌వెల్డ్ అనే డచ్ డిజైనర్ కుర్చీ ఒకటి ఉంది, 1918 ప్రాంతంలో చేశాడు, రంగులు తర్వాత 1923 ప్రాంతంలో వచ్చాయి. వెన్ను ఎరుపు, కూర్చునే పలక నీలం, చట్రం నలుపు, చెక్కల కొసలు పసుపు. అందులో ఎరుపు ఒక్క పలకే. అయినా కన్ను ముందు దాని దగ్గరికే పోతుంది. నేనూ వెన్నుకు మాత్రమే ఎరుపు వేస్తాను. సీటు బూడిదరంగు, చట్రం నలుపు. రోజూ కూర్చుని అరిగేది సీటు కాబట్టి ఈ పద్ధతిలో ఎర్ర బట్ట కూడా ఎక్కువ కాలం ఉంటుంది.

33వ రోజు

నాలుగు బట్ట ముక్కలు తెచ్చుకున్నాను. షాపు లైటు కింద బీరువా పెయింటుతో అచ్చుగుద్దినట్టు కలిసిన ముక్క ఇంటికొచ్చి పగటి వెలుతురులో పెడితే నారింజలోకి జారిపోయింది. రెండు వేర్వేరు రంగు పదార్థాలు ఒక వెలుగులో ఒకటిగా కనిపించి, ఇంకో వెలుగులో విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. చివరకు కలవాలన్న పట్టు వదిలేసి, కావాలనే ఒక మెట్టు ముదురుగా ఉన్న ముక్క ఎంచుకున్నాను. కలిసీ కలవనట్టుంటే తప్పులా ఉంటుంది. స్పష్టంగా వేరుగా ఉంటే రెండూ హాయిగా ఉంటాయి.

కొనే ముందు రెండు పరీక్షలు చేశాను. తెల్ల గుడ్డను తడిపి పదిసార్లు గట్టిగా రుద్దితే రెండు ముక్కలు రంగు వదిలాయి, వాటిని పక్కన పెట్టాను. ఇంకోటి, 2వ రోజునే కిటికీకి కట్టిన నా పాత ఎర్ర కాటన్ ముక్క. సగం అట్టతో కప్పి ఉంచాను. ఈ రోజు అట్ట తీస్తే మధ్యలో గీత కనిపిస్తోంది, ఎండ తగిలిన సగం వెలిసింది. ఎరుపు రంగులు నీలం, ఆకుపచ్చ వెలుగును మింగుతాయి. ఆ శక్తే మెల్లగా వాటిని విరిచేస్తుంది. అందుకని వెలుగుకు తట్టుకునే గుణం చూసి కొన్నాను. 1 నుంచి 8 దాకా స్కేలు ఉంటుంది, 8 అన్నిటికంటే గట్టిది, నేను తీసుకున్నది 6. కుర్చీ కూడా కిటికీ పక్కనుంచి ఎదురు గోడకు మారింది.

38వ రోజు

కుర్చీ పక్కన నిలబడే దీపానికి ఎర్ర బట్ట షేడ్ పెట్టి చూశాం. దాని కింద కూర్చున్న చెల్లి ముఖం జ్వరమొచ్చినట్టు ఎర్రబడింది, పుస్తకం పేజీ గులాబీ అయింది. వెంటనే మార్చాం. బయట ఎరుపు, లోపల తెలుపు ఉన్న మెటల్ షేడ్ పెట్టాం. వెలుగు లోపలి తెలుపుకు తగిలి కిందికి తెల్లగానే దిగుతుంది. ఎరుపు మనిషి మీద పడదు, దీపం ఒంటి మీదే ఉంటుంది.

41వ రోజు

గోడ గురించి ఒక మాట. బీరువా పక్కనున్న శుద్ధ తెలుపు గోడ ఈ మధ్య నాకు లేత ఆకుపచ్చగా అనిపిస్తోంది. ఎరుపును చాలాసేపు చూసిన కన్ను పక్కకు తిరిగితే దాని ఎదురు రంగును కల్పించుకుంటుంది. ఆ ఒక్క గోడకు కొద్దిగా వెచ్చదనం ఉన్న క్రీమ్ వేశాను. మిగతా మూడు గోడలు అలాగే. ఎరుపు కాస్త శాంతించింది.

45వ రోజు

పుస్తకాలు ఎక్కించాం. అరల మీద సన్నటి ఫెల్ట్ పరిచాను, జాగ్రత్త కోసం. ఎరుపు, గులాబీ అట్టల పుస్తకాలు పైనా కిందా పంచేశాను. కళ్లకు సూటిగా ఉండే అరలో తెలుపు, నలుపు, బూడిద అట్టలే పెట్టాను.

రాత్రి ఎనిమిదికి పెద్ద లైట్లు ఆర్పి స్పాట్ లైట్, కుర్చీ దీపం, నడవాలోని ఎర్ర స్ట్రిప్ ఉంచాం. బీరువా ఎర్రగా ఉంది. కుర్చీ వెన్ను దానికి దూరపు చుట్టంలా ఎదురు మూల నుంచి పలుకుతోంది. నడవాలోంచి నేల మీద జానెడు ఎరుపు హాలు దాకా వచ్చి ఆగింది. చెల్లి కుర్చీలో కూర్చుని చదువుకుంటోంది, పేజీ తెల్లగానే ఉంది.

మిగిలిన పని ఒకటే. బీరువా కింది అర తలుపు కుడి కీలు వదులుగా ఉంది. రేపు దాన్ని బిగించాలి.